పూలక్క దగ్గర ఆగిన జాబితా

మా పూల విక్రేతల సంఘం ప్రత్యేక సంచిక నిన్న చేతికందింది. సభ్యుల వివరాలు పాత కంప్యూటరు నుండి కొత్తదానికి ‘సాఫీగా’ చేరాయని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. సాఫీగా చేరలేదు. నాటి కార్యదర్శిని నేను. అబద్ధం అచ్చులో స్థిరపడకముందే నిజాన్ని రాసిపెట్టడం నా విధి.

పత్తర్‌గట్టి సందులోని మా చిన్న పూలబజారులో జాబితాలో ఉన్న వరుసే కూర్చునే వరుస; ఆఖరి చోటు మోరీ, అంటే మురుగుకాలువ, పక్కన. దర్వాజకు దగ్గరి చోటు ఒక వృద్ధురాలిది. అందరికీ ఆమె పూలక్క. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ పూలమార్కెట్టుకు వెళ్లి మల్లెలు తెచ్చి, తడి గోనెపట్టా మీద పరిచి, బేరమాడేవారిని అంతే శ్రద్ధగా తిట్టేది. మార్పిడి పనిని కంప్యూటర్లు తెలిసిన నా మేనల్లుడికి అప్పగించాను. మొదట తెలుగు, ఉర్దూ పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. రెండు యంత్రాలూ అక్షరాలను ఒకే పద్ధతిలో చదివేలా సరిచేస్తే పేర్లు నిలిచాయి. కానీ జాబితా పూలక్క దగ్గరికి రాగానే ఆగిపోయింది; ఆమె, ఆమె వెనుకనున్నవారు అందరూ మాయం.

“మామా, ఈమెను ఇడిసిపెడితే మిగిలినోళ్లంతా ఎక్కుతరు. ఈమెను ఆఖర్ల కలుపుదాం” అన్నాడు మేనల్లుడు.

పక్కనే నిలబడ్డ పూలక్క కొంగు బిగించింది. “ఆఖర్ల అంటే మోరీ పక్కకేనా బిడ్డా? నా మొగుడు పోయినా ఆ జాగ ఇడువలే. గీ డబ్బా చెప్తె ఇడుస్తనా?”

“ఎవరినీ వదలవద్దు. ఎందుకు ఆగిందో చూడు” అన్నాను.

అతడు సణుగుతూనే ఆమె వివరాలను ఒక్కొక్కటిగా విడదీసి పంపి చూశాడు. పేరు వెళ్లింది, చిరునామా వెళ్లింది. సభ్యత్వం కోసం తీసుకున్న వేలిముద్ర బొమ్మ మాత్రం వెళ్లలేదు. యంత్రానికి ఆ బొమ్మ కేవలం సంకేతాల వరుస. అందులో ఒక సంకేతాన్ని అది ‘ఇక్కడితో సమాప్తం’ అని చదువుకుంది. వేలిముద్రలన్నిటినీ మామూలు అంకెలు, అక్షరాలుగా మార్చి రాయించి మళ్లీ పంపితే, అందరూ తమ తమ స్థానాల్లో కూర్చున్నారు. పాత ముద్రలతో ఒక్కొక్కటీ సరిచూశాకే నేను కుర్చీ నుండి లేచాను.

సంగతి విని పూలక్క తన బొటనవేలిని తిప్పి తిప్పి చూసుకుంది. “నా ఏలిల ఖతమని రాసున్నదంటనా సారూ? పిచ్చి డబ్బా! నేనింక ఖతం గాలే.”

ఈ ఉదయం కూడా ఆమె దర్వాజ పక్కనే మల్లెలు కొలుస్తోంది. కాలం ఎలాగూ ఒకనాడు అందరినీ వరుస నుండి లేపుతుంది. ఆ తొందర మనకు తగదు. నా జ్ఞాపకంలో పొరపాట్లుంటే చదువరులు నిస్సంకోచంగా దిద్దండి. దిద్దడం కష్టమని మాత్రం ఎవరినీ తీసివేయకండి.