చిన్న గుర్రానికి గంతలెందుకు?

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువుకుంటున్న రోజుల్లో, ఒక ఏప్రిల్ నెలలో, ఊరి శివారు పొలంలో నాకు పార్ట్‌టైమ్ పని దొరికింది. ట్రాక్టర్ లేకుండా గుర్రాలతోనే సేద్యం చేసే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆ పొలం యజమాని అయిన పెద్దావిడకు రెండు ఆడగుర్రాలుండేవి. నల్లది వయసు మళ్ళినది. ఆ పొలం దానికి కొట్టిన పిండి. ఎర్రది చిన్నది, కొత్తగా కొన్నది. ఓట్స్ విత్తే ముందు మట్టిగడ్డలు చిదిపే ఇనుప దంతెను రెండూ జతగా లాగాలి. వెనక ఇనుము గలగలమన్నదంటే చాలు, చిన్నది బెదిరి పరుగందుకునేది. శుక్రవారం సాయంత్రానికల్లా అది కుదురుకోకపోతే, శనివారం అమ్మినవాళ్ళ ట్రక్కు వచ్చి తీసుకుపోతుందని ఆవిడ తేల్చి చెప్పింది.

దాన్ని వదులుకోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. దాని కళ్ళకు రెండు పక్కలా కట్టిన తోలు గంతల మీద నా చూపు పడింది.

"ఇవి ఎందుకు?" అని ఆవిడను ఇంగ్లీషులో అడిగాను.

"మా నాన్న కాలం నుంచీ కడుతున్నాం."

"అప్పటి నుంచీ కడుతున్నారు కాబట్టి సరైనదేనా?"

నాతోపాటే పనికి వచ్చిన నా రూమ్మేట్, కరీంనగర్ అమ్మాయి, తెలుగులో అందుకుంది. "ఏందే నీ లొల్లి? క్లాసుల ప్రొఫెసర్‌ను సతాయించింది సాలదా?"

"వెనక చప్పుడవుతోంది, అదేంటో కనపడదు. నువ్వైతే పరిగెత్తవా?"

"నేనైతే ముందుగాల నిన్ను తొక్కి ఉరుకుత!"

పెద్దావిడకు మా మాటలు అర్థం కాకపోయినా మా ముఖాలు చూసి నవ్వింది. "రేపు పగలంతా నీదే. నిరూపించు," అంది.

శుక్రవారం పొద్దున్నే గంతలు తీసేశాం. ముందు దంతెను దాని ముక్కు దగ్గర పెట్టాం. రూమ్మేట్ ఒక గొలుసును నేలమీద ఈడుస్తుంటే, చిన్నది తల తిప్పి చూసి, దీర్ఘంగా ఊపిరి వదిలింది. ఆ తరువాత జతకట్టి, పగ్గాలు నా చేతికిచ్చారు. నల్లది అడుగేసింది, పక్కనే ఎర్రదీ అడుగేసింది. దంతె గలగలమంది. అది ఒక్కసారి వెనక్కి చూసి, నడక సాగించింది! పొలం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి తిరిగివచ్చాం. నా గుండె ఎగిరి గంతులేసింది.

గట్టు మీద నిలబడ్డ పెద్దావిడ వైపు తిరిగి, పగ్గాలన్నీ ఎడమచేతిలోకి మార్చుకుని, డిబేట్ వేదిక మీద చివరి వాదం వినిపించేటప్పటిలా కుడిచేయి పైకి విసిరాను. "చూశారా!"

గంతలు లేని చిన్నది ఆ చేతిని చూసింది. ఒక్క ఉదుటున ముందుకు దూకింది. నల్లది కాళ్ళు నేలలో దిగేసి నిలబడకపోతే దంతెతో సహా అందరం కంచెలో ఉండేవాళ్ళం.

పెద్దావిడ నెమ్మదిగా దగ్గరకు వచ్చింది. "ఇప్పుడు ఎదుటి పక్షాన మాట్లాడు."

మాట్లాడక తప్పలేదు. "గంతలు వెనక ఉన్న బరువునే కాదు, తోలేవాడి చేతినీ దాస్తాయి."

"అయితే మళ్ళీ కట్టనా?"

"వద్దు. బరువును అది చూసుకుంటుంది. చేతిని నేను చూసుకుంటాను."

ఆవిడ కాదనలేదు, తిరిగి వెళ్ళి గట్టెక్కి నిలబడింది. పగ్గాలు రెండు చేతులా పట్టుకుని మోచేతులు పక్కటెముకలకు అదుముకున్నాను.

"చేతులు కట్టేస్తె నీకు మాట పడిపోతది గద!" అని రూమ్మేట్ పకపకా నవ్వింది.

నిజంగానే పడిపోయింది. గుర్రాలు మళ్ళీ కదిలి పొలం సగం దాటాయి. నాలుగు చెవులూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. రెండు వీపులూ ఒకే లయలో ఊగుతున్నాయి. మా వెనక నల్లటి మట్టి మెత్తగా పరుచుకుంటూ వచ్చింది. మలుపు తిరిగేసరికి పెద్దావిడ ఫోన్ చెవికి ఆనించుకుని ఉంది.

"ట్రక్కు అక్కర్లేదు," అంటోంది. "అవును, ఉంచుకుంటున్నాను."

చేతులు ఎత్తాలని ఎంత తహతహలాడానో! ఎత్తలేదు. గుర్రాలను విప్పి, కొట్టంలో కట్టి, తలుపు మూసి, గోడ చాటుకు వెళ్ళాక, రెండు చేతులూ ఆకాశానికి విసిరి అరిచాను. రూమ్మేట్ కూడా అరిచింది.