లష్కర్ బాబాయ్ చూసిన జలపాతం

"నాన్న పోయిండే" అని అక్క ఫోన్ చేసినప్పుడు నేను డార్మ్‌స్టాట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళే రైల్లో ఉన్నాను. మొన్న డిసెంబరులో, ఆఫీసుకు వెళ్ళే వేళ. బండి నిండా జనం, అందరి ముఖాలకూ మాస్కులు. నా మాస్కు తడిసిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదురు బండెక్కి ఇంటికి వచ్చేశాను. అక్క మా కింది అంతస్తులో ఉంటుంది. తలుపు తీసేసరికి సూట్‌కేసు ముందు పెట్టుకుని, అందులో ఏం సర్దాలో తెలియక కూర్చుని ఉంది.

ఆమె నాకు సొంత అక్క కాదు. పోయిన వాళ్ళ నాన్నా నాకు సొంత బాబాయ్ కాదు. చదువుకోవడానికి ఈ ఊరొచ్చిన కొత్తలో కరోనా వచ్చి యూనివర్సిటీ మూతబడితే, పైగదిలో ఒంటరిగా ఉన్న నన్ను పిలిచి అన్నం పెట్టిన ఇల్లది. ఆ ఏప్రిల్‌లోనే అక్కకు పాప పుట్టింది. విమానాలు లేవు, పురుటికి ఎవరూ రాలేకపోయారు. బావగారూ నేనూ కలిసి యూట్యూబ్ చూసి పథ్యం వండేవాళ్ళం. అక్కకు అమ్మ లేదు. రోజూ మధ్యాహ్నం ఖమ్మం వైపు పల్లె నుంచి వాళ్ళ నాన్న వీడియో కాల్ చేసేవారు. నాకు ఆయన పరిచయమైంది అలా, ఫోన్‌లో సగం నుదురూ పైకప్పు ఫ్యానూ కనిపిస్తుండగా.

"నీళ్ళు కాచి తాపుతున్నరా బిడ్డకు? ఆడ నీళ్ళు ఏ నదియి?" అన్నది ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న.

ఏ నదివో నాకు తెలియదు. కుళాయిలో వచ్చేవి తాగుతున్నామని చెప్పాను. "ఏ నది నీళ్ళు తాగుతున్నవో తెల్వకుండ ఎట్ల తాగుతవమ్మా?" అని నవ్వారు. తర్వాత మా ఊరు అడిగారు. కృష్ణా జిల్లాలో, కాలువ చివరన ఉన్న మా ఊరి పేరు చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను.

ఆయన ముప్పై ఏళ్ళు కాలువ మీద లష్కర్‌గా పనిచేశారు. లష్కర్ పని అంటే కాలువగట్టు మీద తిరుగుతూ, పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం షట్టర్లు ఎత్తడం, దించడం, స్కేలు మీద నీటిమట్టం చూడడం, గండి పడితే పరిగెత్తడం. చిన్న ఉద్యోగమే. కానీ వేసవి దగ్గర పడి నీళ్ళు తగ్గినప్పుడు, ఏ ఊరి పైరు బతుకుతుందో ఏది ఎండుతుందో షట్టరు తాళంచెవి ఉన్నవాడి చేతిలో ఉంటుంది. "గేటు కాడ నిలవడ్డోడు కిందికి చూడాలె. పైకి చూసేటందుకు ఇంజనీర్లున్నరు" అనేవారు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. ఎందుకంత పట్టుబట్టి అంటారో చాలా కాలం తెలియలేదు.

రెండో ఏడాది వేసవిలో ఆయనకు కరోనా వచ్చింది. మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉన్నారు. అక్క ఇక్కడ వంటగదిలో నేల మీద కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని ఉండేది. బతికి బయటపడ్డారు గానీ ఊపిరి మునుపటిలా లేదు. వీసాలు మళ్ళీ ఇవ్వడం మొదలయ్యాక, కిందటి జూలైలో మూడు నెలలకని వచ్చారు. రెండేళ్ళ మనవరాలిని మొదటిసారి ఎత్తుకున్నారు. పాప కితాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో చేరి జర్మన్ మాటలు నేర్చింది. ఆయన ముఖం తడిమి చూసి, "ఓపా" అంది.

"తాత అనవే" అని అక్క కసిరితే, "అననియ్యి. ఇంతకాలం ఫోనుల జూసిన మనిషికి చర్మం గూడ ఉన్నదా అని చూస్తున్నది" అన్నారు.

ఆయన ఉన్న మూడు నెలలూ ఆ ఇంట్లో ఏ కుళాయీ కారలేదు. స్నానాల గదిలో కారే కుళాయి కోసం బిల్డింగు మరమ్మతులు చూసే హౌస్‌మైస్టర్‌కు అక్క నెల రోజులుగా మెయిళ్ళు రాస్తూ ఉంటే, ఆయన ఒక్క పూటలో పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి పెట్టి ఆపేశారు. నీళ్ళు ఎక్కడ కనిపించినా ఆగిపోవడం ఆయన అలవాటు. పార్కులో కాలి మడమంత లోతు పారే వాగు దగ్గర కూడా ఒక ఆకు తుంచి వేసి, అది ఎంతసేపటికి ఎంత దూరం పోయిందో చూసి, ఎంత నీళ్ళు పారుతున్నాయో చెప్పేవారు. రైన్ నది చూపిస్తే గట్టు వెంట అటూ ఇటూ నడిచి చూశారు. ఆ వేసవి యూరప్ అంతటా వానల్లేవు, నది మధ్యలో ఇసుక తేలింది. "ఇంత పెద్ద దేశంల గూడ నీళ్ళు తక్కువైతయా?" అన్నారు చివరికి, చిన్నపిల్లాడిలా ఆశ్చర్యపడి.

ఆయనకు ఒకే ఒక కోరిక ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండు ఊళ్ళవాళ్ళు షట్టరు దగ్గర కర్రలతో కొట్టుకుంటే వచ్చిన ఇంజనీరు, "అమెరికాకూ కెనడాకూ మధ్య నయాగరా ఉంది. రెండు దేశాలు ఒక్క జలపాతాన్ని పంచుకుంటాయి. మీరు రెండు ఊళ్ళు ఒక్క కాలువను పంచుకోలేరా?" అని తిట్టాడట. అప్పటినుంచి ఆయన మనసులో అది ఉండిపోయింది. "గసొంటిది ఒకటి చూడాలె" అనేవారు. నయాగరా దూరం గానీ, బావగారు వెతికి ఇంకొకటి పట్టుకున్నారు. ఫ్రాన్స్‌కూ స్విట్జర్లాండ్‌కూ మధ్య దూ అనే నది ఉంది. కొంత దూరం ఆ నదే సరిహద్దు. ఆ సరిహద్దు మీదే పేరున్న జలపాతం. ఒక గట్టు ఫ్రాన్స్, ఒక గట్టు స్విట్జర్లాండ్. కారులో అయిదు గంటలు.

ఆగస్టులో ఒక శనివారం బయల్దేరాం. బావగారు కారు నడిపారు. పులిహోర డబ్బా అక్క ఒడిలో, పాప నా పక్కన. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏదో పెళ్ళికి వెళ్తున్నట్టు ముందు సీట్లో కూర్చున్నారు. స్విట్జర్లాండ్ వైపు ఊళ్ళో దిగి చూస్తే పడవలు లేవు. జలపాతానికి ముందు ఉండాల్సిన సరస్సు ఎండి, అడుగు బీటలు వారి ఉంది. పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. జనం ఆ బీటల మీద నడుస్తూ ఫోటోలు తీసుకుంటున్నారు.

"జలపాతంలో కూడా నీళ్ళుండవేమో మామయ్యా. ముందే చూసుకోవాల్సింది" అన్నారు బావగారు తలదించుకుని.

"వచ్చినం గద. చూసే పోదాం" అన్నారు ఆయన.

గట్టు వెంట కాలిదారిన నడిచాం. మామూలు మనిషికి గంట నడక. ఆయన ఊపిరి కోసం ప్రతి మలుపులో ఆగుతూ వెళ్ళేసరికి రెండు గంటలు పట్టింది. చివరికి కనిపించింది. ఎత్తయిన రాతిగోడ, దాని మీద నీళ్ళు శతాబ్దాలుగా దూకి చేసిన నల్లటి గీతలు, వాటి మధ్య తాడంత సన్నని ధార ఒకటి. అంతే. అక్కకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం కంచె పట్టుకుని ముందుకు వంగి చూస్తున్నారు.

"నీళ్ళున్ననాడు ఎవడైనా చూస్తడు. కింద రాయి ఎట్ల అరిగిందో ఇయ్యాల్నే కనవడుతది" అన్నారు.

నీళ్ళ హోరు లేకపోవడం వల్ల అవతలి గట్టు మీది మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. అక్కడ కంచె దగ్గర టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మా బాబాయ్ చెయ్యెత్తి, అచ్చ తెలుగులో గట్టిగా అడిగారు: "మీ దిక్కు గూడ లేవా నీళ్ళు?"

ఆ ముసలాయన ఫ్రెంచిలో ఏదో అని, ఖాళీ చేతులు రెండూ తిప్పి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇటూ అటూ ఉన్నవాళ్ళం అందరం నవ్వాం.

అక్కా బావగారూ పాపను తీసుకుని కిందికి దిగారు. ఆయన ఆయాసం తీర్చుకోవడానికి బల్ల మీద కూర్చుంటే నేను పక్కన కూర్చున్నాను.

"ఇద్దరికీ లేకుంటే తగాద లేదమ్మా" అన్నారు. "ఒకనికి ఉండి ఒకనికి లేకుంటనే." అవతలి గట్టు వైపు చూస్తూ, "నువ్వు ఏడో తరగతి చదివేనాడు మీ ఊరికి నీళ్ళు రాలే. యాదికుందా?" అన్నారు.

ఎందుకు గుర్తుండదు? పొట్టకొచ్చిన వరి పదిరోజుల్లో తెల్లబడిపోయింది. నాన్న పొలంలోకి గొర్రెల్ని తోలించి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత వరి వెయ్యలేదు. ఉన్నదంతా మామిడి పెట్టాడు.

"నీళ్ళు తక్కువ పడి వంతులు పెట్టిండ్రు. మా వంతు అయిపోయినాక మా దిక్కు షట్టరు దించాలె, నీళ్ళు కిందికి, మీ దిక్కు పోవాలె. ఆర్డరొచ్చింది. మా ఊరోళ్ళంత వచ్చి గేటు మీద కూసున్నరు, రెండు రోజులాగమని. అండ్ల మా అన్న గూడ ఉన్నడు. నేను దించలే. రెండు రోజులు నాలుగైనయ్. అప్పటికి పైన డ్యాముల నీళ్ళు అయిపోయి, కాలువే బందు పెట్టిండ్రు." ఆయన నా వైపు చూడలేదు. "జనం ఆపిండ్రని చెప్పుకుంట తిరిగిన. గని అండ్ల నా రెండెకరాలు గూడ ఉన్నదమ్మా."

నేను లేచి కాలిదారిన ముందు నడిచాను. తిరుగు ప్రయాణంలో నిద్ర నటించాను.

అయిదు రోజులు కింది అంతస్తుకు వెళ్ళలేదు. ఆఫీసు పని ఉందని అక్కకు మెసేజ్ పెట్టాను. నాకు తిండి పెట్టిన ఇల్లు అది. అదే ఇంటి పెద్ద మా నాన్నను గోడవైపు తిప్పి పడుకోబెట్టిన మనిషి. ఈ రెంటినీ ఒకచోట పెట్టుకోవడం నాకు చేతకాలేదు. ఆరో రోజు తలుపు చప్పుడైంది. బాబాయ్ మెట్లన్నీ ఎక్కి వచ్చి, గోడకు ఆనుకుని ఎగశ్వాసతో నిలబడి ఉన్నారు. కుర్చీ వేశాను. ఊపిరి కుదుటపడేదాకా ఆగి, "నాతోని మాట్లాడకు, ఏం గాదు. మీ నాయన నంబరియ్యి" అన్నారు.

నేనే కలిపి, స్పీకర్ పెట్టాను.

ఆయన తన పేరు చెప్పలేదు. "నేను ఫలాన షట్టరు లష్కర్నండీ" అన్నారు. నాకు చెప్పిందంతా మళ్ళీ చెప్పారు, రెండెకరాలతో సహా. "తిట్టాలనుకుంటే తిట్టండి, ఇనేటందుకే చేసిన" అన్నారు.

అవతల అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించి, ఆగిపోయింది.

"ఆ ఏడాది మీ వైపు పండిందాండీ?" అన్నాడు నాన్న.

"పండింది."

"బాగా పండిందా?"

"బాగనే పండింది."

"సరే. ఎక్కడో ఓ చోట పండిందిగా. రెండు చోట్లా ఎండుంటే ఇంకా బాధపడుండేవాణ్ణి."

బాబాయ్ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తర్వాత వాళ్ళిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు, మామిడికి పూత ఎప్పుడొస్తుంది, మంచు పడితే ఏం చెయ్యాలి అని. పూతకాలంలో తోటకు రమ్మని నాన్న పిలిచాడు, వస్తానని ఈయన మాటిచ్చారు. అమ్మ మాత్రం ఆ తర్వాత నాతో, "మీ నాన్నకి చల్లారిందేమో, నాకు చల్లారలేదు" అంది. ఆ మాట నేను బాబాయ్‌కి చెప్పాను. "న్యాయమే" అన్నారు.

ఆ సాయంత్రం కిందికి వెళ్ళి భోంచేశాను. పాప తన గ్లాసు ఎత్తి "వాసర్" అంటే ఆయన "నీళ్ళు" అనేవారు. "వాసర్" అని పాప. "నీళ్ళు" అని ఆయన. అక్టోబరులో విమానం ఎక్కేదాకా ఆ పోటీ సాగింది. విమానాశ్రయంలో నా తల మీద చెయ్యి పెట్టి, "ఏ నది నీళ్ళు తాగుతున్నవో కనుక్కో" అన్నారు. కనుక్కున్నాను. ఇక్కడ కుళాయిలో వచ్చేవి నది నీళ్ళు కావు, భూమిలోంచి తోడేవి. ఆ మాట చెబితే ఫోన్‌లో ఎంతో సంతోషపడ్డారు.

పూత రాకముందే పోయారు. చలికాలపు దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది, రెండు రోజుల్లో అయిపోయింది. నేను వెళ్ళలేకపోయాను, మా నాన్న వెళ్ళాడు. బండి మీద కాలువగట్టునే నలభై నిమిషాలు నడుపుకుంటూ వెళ్ళి, ఎవరికీ తానెవరో చెప్పకుండా చివరిదాకా ఉండి వచ్చాడట. "వాళ్ళమ్మాయి విమానం దిగి వచ్చేదాకా ఉంచారు. ఆ అమ్మాయిని చూశాను. ఎవరితోనో నీ సంగతి చెబుతూ ఏడ్చింది" అన్నాడు. వెళ్ళేటప్పుడు బండి వెనక ఒక పూలదండ కట్టి ఇచ్చింది అమ్మేనట. ఆ సంగతి అమ్మను నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

పోయినవారం మా ఊరికి రెండో పంట నీళ్ళ వంతు వచ్చింది. మామిడి పెట్టిన నాన్నకు ఇప్పుడు ఆ నీళ్ళతో పని లేదు. అయినా ఒక వీడియో పంపాడు, మాట లేకుండా. ఎండిన కాలువలోకి దిగి నిలబడి, ఫోన్‌ను కిందికి పట్టుకున్నాడు. పాదాలు, బీటలు వారిన మట్టి కనిపిస్తున్నాయి. దూరంగా మలుపులో గడ్డీ ఆకులూ నురగా తోసుకుంటూ నీళ్ళు నెమ్మదిగా వస్తున్నాయి. వాటి ముందు రెండు కొంగలు అడుగులో అడుగేసుకుంటూ నడుస్తున్నాయి. అవి ఎగిరిపోయాక నీళ్ళు వచ్చి నాన్న వేళ్ళను తాకి, కాసేపు ఆగినట్టు ఆగి, పాదాల మీదుగా ముందుకు పోయాయి.