పైకెక్కితే నీళ్ళు తాగేవాళ్ళం కాదు

ఆ రోజు పొద్దున సేఫ్టీ షూలో కాలు దూరలేదు. ముందురోజు దాకా వేసుకున్న షూనే. లేసులన్నీ వదులు చేసి బలవంతంగా తోసినా మడమ బయటే ఉండిపోయింది. పక్క మంచం మీది నుంచి మా బామ్మర్ది సాగర్ చూసి, క్యాంప్ తిండి బావకు బాగా పట్టిందని నవ్వాడు. నేనూ నవ్వాను. శుక్రవారం సెలవు రోజు దోహాలోని నజ్మా బజారుకు వెళ్ళి ఒక సైజు పెద్దది కొనుక్కున్నాను. కిడ్నీలు పాడైతే కాళ్ళు వాస్తాయని నాకెవరు చెప్పారు?

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం ఖతార్ అంతా తవ్వి కడుతున్నారు. ఒక స్టేడియం పైవరసల్లో ఇనుప కడ్డీలు కట్టడం మా ఇద్దరి పని. టాయిలెట్లు కింద, గేటు దగ్గర ఉండేవి. దిగి వెళ్ళి వస్తే ఫోర్‌మన్ యల్లా యల్లా, తొందరగా కానీ అంటూ అందరి ముందూ తిట్టేవాడు. అందుకని పైకెక్కే ముందు నీళ్ళు తాగేవాళ్ళం కాదు. నోరెండితే పుక్కిలించి ఉమ్మేసేవాళ్ళం. తలనొప్పికి ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి గోళీలు ఉండనే ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపాలని ప్రభుత్వం రూలు పెట్టింది. మా సైట్‌లో ఆపేవారు కూడా, అబద్ధం చెప్పను. కానీ ఆ రూలు రాసినవాళ్ళు మనిషికి మూత్రం వస్తుందన్న సంగతి మరిచిపోయారు.

వాపు ముఖానికి పాకింది. అన్నం సయించేది కాదు, మూత్రంలో నురగ కనిపించేది. కార్మికుల క్లినిక్‌కు వెళ్తే హెల్త్ కార్డు గడువు తీరిందన్నారు. దాన్ని రెన్యూ చేయించాల్సింది కంపెనీ. క్యాంప్ బాస్‌ను అడిగిన ప్రతిసారీ బుక్రా అనేవాడు, అంటే రేపు అని. ఆ రేపుల మధ్యే నా కిడ్నీలు పోయాయి.

ఒకరోజు డ్యూటీ బస్సులో వాంతులై, ఊపిరాడక పడిపోయాను. సాగర్ సూపర్‌వైజర్‌తో పోట్లాడి అంబులెన్స్ పిలిపించాడు. ఎమర్జెన్సీలో మాత్రం కార్డు కోసం ఆపలేదు. మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. మలయాళీ డాక్టరమ్మ రిపోర్ట్ చూస్తూ, "క్రియాటినిన్ బహుత్ హై. దోనో కిడ్నీ ఖరాబ్" అన్నారు. కిడ్నీలు వడకట్టాల్సిన మలినం రక్తంలో పేరుకుపోయిందట, రెండు కిడ్నీలూ పోయాయట. ఎన్నాళ్ళకు తగ్గుతుందని అడిగాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, తగ్గదని చెప్పారు. ఆ చెయ్యి పట్టుకుని, ఎలాగైనా ఫిట్ అని రాసివ్వమని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

కంపెనీ టికెట్ తీసి పంపేసింది. గల్ఫ్‌కు వెళ్ళేటప్పుడు ఛాతీ ఎక్స్‌రే నుంచి మూత్రం దాకా అన్నీ చూసి పంపారు. తిరిగి వచ్చేటప్పుడు పెట్టె బరువు చూశారంతే.

ఇప్పుడు వారానికి మూడుసార్లు జగిత్యాలలో డయాలసిస్. మధ్యలో గొట్టానికి ఇన్‌ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో చావు అంచుల దాకా వెళ్ళాను. గల్ఫ్ బాధితులకు సర్కారు సాయం ఉందంటే ఆఫీసుకు వెళ్ళాను. అది చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళకని అక్కడి సారు చెప్పాడు. "నువ్వు బతికే ఉన్నవ్ గద" అన్నాడు. ఆయన తప్పేం లేదు, రూలే అలా ఉంది. రోగంతో తిరిగొచ్చిన మనిషి ఆ రూలు కంట్లో పడడు.

నా భార్య లక్ష్మి కిడ్నీ నాకు సరిపోతుందన్నారు. ఇస్తానంటోంది. ఆపరేషన్ తేదీ కోసం చూస్తున్నాం. ఆమెకేమైనా అయితే పిల్లల గతేమిటని నాకు నిద్ర పట్టదు.

గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకు చెప్పేది ఒక్కటే. కాళ్ళు వాచినా, మూత్రంలో నురగొచ్చినా కార్డు కోసం ఆగొద్దు. ఎక్కడో ఒకచోట రక్తమిచ్చి క్రియాటినిన్ టెస్ట్ చేయించుకోండి.

సాగర్ ఇంకా అక్కడే, అదే పనిలో ఉన్నాడు. ఆటలు దగ్గరపడుతున్నాయని పని పెంచారట. మొన్న వీడియో కాల్‌లో వాడి మొహం ఉబ్బినట్టు కనిపించింది. వెంటనే టెస్ట్ చేయించుకోరా అంటే, "డ్యూటీకెల్లి ఇడ్సిపెడ్తలేరు బావ, వచ్చే నెల జూస్త" అన్నాడు.

లక్ష్మి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"తమ్మీ, నాకున్నయి రెండే," అంది. "ఒకటి మీ బావకిస్తున్న. నీకు నేనేడికెల్లి తేవాలె?"