మా ఆయన దవాఖానలో చేరిన రోజు

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా చిన్నాడబిడ్డ. పదేళ్ళు దాటిన మాట. మొన్న మా పై అంతస్తు ఆవిడ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి, తన కూతురు మెడికల్ కాలేజీలో నిన్ననే చేరిందని చెప్పినప్పుడు, సంతోషించవలసింది పోయి అయ్యో, ఏమైందని అడగబోయాను. చేరడం అన్న మాట నాకు అట్లాంటిది. ఎందుకో చెబితే, ఇంటికంతటికీ ఒకటే సెల్‌ఫోను ఉన్న రోజులు చూసిన నా ఈడువాళ్ళు అర్థం చేసుకుంటారు.

అప్పుడు మేము ఖాజాగూడలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. మా ఆయన ఐటీ ఆఫీసులకు ఉద్యోగులను దింపే క్యాబ్ నడిపేవారు. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసై, మామయ్య పోవడంతో పుస్తకం మూసి స్టీరింగు పట్టిన మనిషి. నేనేమో బడి గడప తొక్కినదాన్ని కాదు. చిన్నప్పుడు కాళ్ళలో బలం లేక నడక ఆలస్యమైతే మా నాన్నే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పలక మీద తెలుగు దిద్దించాడు, ఆయన చలవ వల్లనే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఇంగ్లీషు మాత్రం నాన్నకూ రాదు, నాకూ రాలేదు. అందుకేనేమో చదువన్నా చదివినవాళ్ళన్నా నాకు దేవుడి అరమీద ఉన్నంత భక్తి. ఒకసారి పెట్టె సర్దుతుంటే అడుగున మా ఆయన ఇంటర్ పుస్తకాలు దొరికాయి. ఇంకా ఎందుకు దాచారని అడిగితే ముఖం తిప్పుకున్నారు. ఆ ముఖం చూశాక, మళ్ళీ చదివి డాక్టరు సీటుకు పరీక్ష రాయమని వెంటపడినదాన్ని నేనే.

ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య స్టీరింగు మీద పుస్తకం ఆనించుకుని మూడేళ్ళు చదివారు. తోటి డ్రైవర్లు అప్పుడే డాక్టర్ సాబ్ అని పిలుస్తూ, జర నా నాడి చూడరాదే అని చేతులు చాచేవాళ్ళట. ఆయనకు నిద్ర తగ్గిన కొద్దీ నాకు గుబులు పెరిగేది. కునుకు పట్టి బండి దేనికైనా గుద్దితే ఆ పాపం నాదే కదా అని రోజూ దీపం ముందు నిలబడి అనుకునేదాన్ని.

మూడోసారికి, అదీ ఆఖరి విడత కౌన్సెలింగులో, సీటు వచ్చింది. కాలేజీలో చేరడానికి ఆ ఒక్కరోజే, సాయంత్రం ఐదు దాకా గడువు. ఆ పొద్దున కూడా ఒక ట్రిప్పు ఒప్పుకుని, అది ముగించుకుని అటునుంచి అటే పోతానని, సర్టిఫికెట్ల ఫైలూ ఇంట్లోని ఒక్క ఫోనూ పట్టుకుని వెళ్ళారు.

మధ్యాహ్నం రెండు దాటాక, మా గల్లీలోనే ఉండే చిన్నాడబిడ్డ చెప్పులు లేకుండా ఉరికివచ్చింది. గల్లీ మూల కిరాణా దుకాణానికి ఎవరి నంబరు నుంచో ఫోను వచ్చిందట.

"వదినా, అన్న పెద్ద దవాఖానల చేరిండంట. కాయితాలు పట్టుకొని జల్ది రమ్మన్నరంట."

ఏమైందని నేనడిగితే, అది చెప్పకముందే లైను పోయిందంది. ఆయన వెళ్ళింది చేరడానికే కదా అని మీరనవచ్చు. కానీ దవాఖానలో చేరాడంటే మాకు ఒకటే అర్థం, మంచం మీద పడుకోబెట్టారని. కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉండగా మళ్ళీ కాగితాలంటే అవి ఆరోగ్య కార్డూ రేషన్ కార్డూ కాక ఇంకేమిటి? ఏది కావాలో చూసి తీసే నిదానం లేక, గ్యాస్ బుక్కుతో సహా అన్నీ ఉన్న ప్లాస్టిక్ సంచి మొత్తం చంకన పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆడబిడ్డ అత్తమ్మకు చెప్పడానికి గోపన్‌పల్లి పోయింది.

ఊరికి ఆ కొసన ఉన్న ఆ దవాఖాన చేరేదాకా నేను చేసుకున్న ప్రార్థన ఒకటే. సీటు నువ్వే ఉంచుకో స్వామీ, మనిషిని నాకు ఇచ్చెయ్యి.

అక్కడ బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ప్రమాదాల వార్డులో ఆయన పేరు లేదన్నారు. వరండాలో ఏడుస్తూ నిలబడితే, నేల తుడుస్తున్న ఒక ఆయమ్మ బకెట్ పక్కకు జరిపి నా చేయి పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా, పేరు చెప్పు, ఎదుకుదాం" అని మగవాళ్ళ వార్డులు ఒక్కొక్కటే తిప్పింది. ఒక్కో మంచం దగ్గర ఆగినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చేది. మూడో వార్డు కూడా అయ్యాక ఆమె నావైపు తిరిగింది.

"నీ పెనిమిటి పొద్దుగాల ఏ పనికి పోయిండు?"

"క్యాబ్ తోలనీకి. అటెన్క ఈడనే, డాక్టర్ చదువుల చేరనీకి."

ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఓ పిచ్చితల్లీ, గీ ముచ్చట ముందుగాల చెప్తే ఇన్ని మంచాలు చూపిద్దునా" అని వంటశాల వెనక సందులోంచి లాక్కుపోయినట్టే కాలేజీ ఆఫీసుకు తీసుకుపోయింది. కిటికీ ముందు ఆయన నిలబడి ఉన్నారు. "ఇగో నీ పేషెంటు. కాళ్ళు చేతులు మంచిగనే ఉన్నయ్" అంది ఆయమ్మ.

దండం పెట్టుకుందామని చేతులు ఎత్తానో లేదో, ఆయన ముఖంలో రక్తం లేకపోవడం చూశాను. ఇంటర్ కాలేజీ వదిలినప్పుడు ఇచ్చిన టీసీ ఒరిజినల్ ఫైలులో లేదు. అది లేనిదే చేర్చుకోం అన్నారు. దవాఖాన కాలేజీలో చేరుతున్నాను, కాగితం పంపమని, తన ఫోనులో చార్జింగు అయిపోయి, ఆయన ఎవరి ఫోనునో అడిగి చెబితే, దుకాణం గోలలో ఆ మాట అట్లా మారి నాకు చేరింది. గోడ గడియారంలో ఐదుకు పావుగంట తక్కువ. మనిషిని ఇచ్చావు కనుక నేను ఒప్పుకున్నట్టే సీటు తీసుకుంటున్నావా స్వామీ అనుకున్నాను, కానీ ఆ మాట ఆయనతో చెప్పలేదు, ఇప్పటిదాకా చెప్పలేదు.

"టీసీ తెచ్చినవా?" అన్నారు. అదెట్లా ఉంటుందో నాకేం తెలుసు. సంచి నేలమీద కుమ్మరించాను. చదువురాని ఆయమ్మ కూడా గొంతుక్కూర్చుని ఒక్కో కాగితం ఎత్తి ఇదా, ఇదా అంటూ ఆయనకు అందించింది. ముందురోజు జిరాక్సు తీయించి ఆయనే రేషన్ కార్డు మడతలో పెట్టి మరిచిపోయిన టీసీ చివరికి ఆమె చేతికే దొరికింది. లోపలి గుమాస్తా ముద్ర వేశాడు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర అత్తమ్మ, ఆడబిడ్డ, ఆమె భర్త, వెనక ఇంకో ఆటో నిండా చుట్టాలు, అందరి చేతుల్లో రోగికి తెచ్చిన బ్రెడ్డు, బత్తాయిలు, కొబ్బరి బోండాలు. అత్తమ్మ కొడుకు ఒళ్ళంతా తడిమి, సంగతి విని, వీపు మీద ఒక్కటి చరిచి, కొంగులో ముఖం దాచుకుంది.

"రోగం అచ్చినోళ్ళనే పది దినాలల్ల ఇంటికి తోలుతరు, నిన్ను ఐదేండ్లు ఉంచుకుంటరా బావా?" అన్నాడు ఆడబిడ్డ భర్త. ప్రహరీ నీడలో కూర్చుని ఆ బ్రెడ్డూ బత్తాయిలే తిన్నాం. అదే మా పండుగ.

ఆయమ్మకు రెండు బత్తాయిలు ఇద్దామని వరండాకు పరుగెత్తాను. గంటసేపు పని వదిలి ఎటు పోయావని సూపర్‌వైజరు ఆమె మీద అరుస్తున్నాడు. నన్ను చూసి, రావద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. రేపు మా ఆయన ఇక్కడే ఉంటారు కదా, అప్పుడు కలుద్దామని వెనక్కి తిరిగాను. మర్నాటి నుంచి ఆమె అక్కడ లేదు. కొన్నాళ్ళకు కాంట్రాక్టే మారి పనివాళ్ళంతా కొత్తవాళ్ళు వచ్చారు. చదివినన్నాళ్ళూ ఆయన అడగని మనిషి లేడు, కానీ పేరు తెలియనిదే ఎవరు మాత్రం ఏం చెబుతారు.

ఇప్పుడు మా ఆయన బస్తీ దవాఖానలో డాక్టరు. పెద్ద ఆసుపత్రుల్లో ఏ వార్డు ఎటో నేల మీద రంగు గీతలే చెబుతాయి, తెలుగు బోర్డులూ ఉన్నాయి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని తిరగవలసిన పని లేదు. మంచిదే. అయినా, నేను ఇస్తానన్న సీటుకు బదులు దేవుడు ఆమె పని తీసుకున్నాడేమోనన్న భయం నాకు ఈనాటికీ పోలేదు. మీరు దీపం పెట్టే వేళ, పేరు తెలియకపోయినా సరే, ఆ ఆయమ్మను ఒక్కసారి తలుచుకోండి.