నల్ల తల్లులు, తెల్ల పిల్లలు, నడుమ నేను

మంచి పని చేసి ఎదుటివాళ్ల కొంప ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. చెప్తాను, కడుపారా నవ్వుకోండి. ఎలుకల చెవిన మాత్రం వేయకండి, అవి ఇంకా నన్ను క్షమించలేదు.

మా ఆయన పోయాక, మేముండే మహారాష్ట్ర చంద్రపూర్‌లోనే ఒక పరిశోధనశాలలో ఎలుకల డబ్బాలు కడిగే పనికి కుదిరాను. ఆ ఊరి దుర్గాపూర్ బొగ్గుగని కాలనీలో పెరిగిన తెలుగు పిల్ల రజిత మేడం అక్కడ పరిశోధన చేసేది. అందరిలాగే నన్ను మావశీ అని, అంటే మరాఠీలో పిన్నీ అని, పిలిచేది.

ఒక పొద్దున చూస్తే ఏముంది! మేడం డబ్బాలు రెండింటిలోనూ, ఆమె ఇంకా లెక్కపెట్టని పిల్లలకు అప్పుడే బొచ్చు వస్తోంది. తల్లులేమో నలుపు. పిల్లల్లో మాత్రం ఒక డబ్బాలో ఒకటో రెండో తెల్లవి, రెండోదానిలో పత్తి ఒలికినట్టు చాలావరకు తెల్లవే. పక్క డబ్బాలో ఒక తెల్ల బాలింత ఉంది. ఇంకేం, ఎవరో పిల్లల్ని తారుమారు చేశారనుకున్నాను. నా గుండె తరుక్కుపోయింది. తెల్లవాటినన్నిటినీ ఏరి, వాసన పట్టేలా ఆమె గూటి పొట్టులో దొర్లించి, ఆమె ఒడికి చేర్చాను. పెళ్లి సంబంధం కుదిర్చినంత గర్వంగా చేతులు కడుక్కున్నాను.

మధ్యాహ్నం మేడం ఆ డబ్బాల ముందు కూలబడి ఏడుస్తోంది.

"రెండు గైడ్‌లు పని చెయ్యలే మావశీ. ఒక్కటన్న తెల్లగ లేదు. రేపు సార్ చూస్తే నా పరిశోధన బందు పెడ్తడు."

"తెల్లయి కావాల్నా బిడ్డా? గంతేనా! గా పక్క డబ్బాల మస్తుగున్నయి. నేనే సర్దిన."

"ఏం సర్దినవ్?"

"తప్పిపోయిన పిల్లల్ని తల్లికాడికి చేర్చిన."

ఆమె ఏడుపు టక్కున ఆగింది. ఆగకపోతేనే బాగుండేది.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఎలుకకు నలుపునిచ్చే జన్యువును పనిచేయకుండా కత్తిరించాలట. ఎక్కడ కత్తిరించాలో దారి చూపేదే గైడ్. మేడం రెండు రకాల గైడ్‌లు తయారుచేసి, ఒక్కో డబ్బాకు ఒక్కోటి వాడింది. ఏ డబ్బాలో తెల్ల పిల్లలు ఎక్కువుంటే ఆ గైడ్ గెలిచినట్టు. ఆ పోటీనంతా నేను పొద్దున్నే ఊడ్చి పారేశాను!

"నల్ల తల్లికి తెల్ల పిల్ల పుట్టదని నీకెవరు చెప్పిండ్రు మావశీ?"

నేను బొగ్గు రంగు. నా కొడుకు పాల రంగులో పుట్టాడు. ఆసుపత్రిలోనే మా అత్త, "గీ పోరడు మనోడు కాదు, ఎవరో మార్చిండ్రు!" అని వార్డంతా వినిపించేలా అరిచింది. ఆ మాటకు ఆమె పోయేదాకా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు నేను.

మేడం సార్‌ను బతిమాలి గడువు తెచ్చుకుంది. పిల్లల తోకల నుంచి చిటికెడంత తీసి పరీక్ష చేయించింది. రెండు గైడ్‌లు కోసే చోట్లు వేరు కదా, ఏ పిల్ల ఏ డబ్బాదో తేలిపోయింది. రెండో గైడ్ గెలిచింది. మేడం చదువు నిలబడింది. నా నోట్లో దూద్‌పేడా మిఠాయి కుక్కి, "ఇగ సర్దకు మావశీ," అంది.

బైబిలు మీద చెయ్యేసి చెబుతున్నాను: పిల్ల రంగు చూసి ఏ బాలింతనూ, దానికి నాలుగు కాళ్లున్నా సరే, అనుమానించను. ఎలుకకు అత్తనయ్యే పాపం ఈ జన్మలో మళ్లీ చేయను.