సిరాజ్ బరఫ్ పెట్టె

మెదక్ ఖిల్లా కింది గల్లీలో సిరాజుద్దీన్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. బరఫ్ సిరాజ్ అంటే మాత్రం చేయి పట్టుకుని తీసుకెళ్లేవారు. ఇంటి ముందు బండి, బండి మీద పెట్టె కనిపిస్తే సిరాజ్ ఊళ్లో ఉన్నట్టు. లేకపోతే ఏ జాతరలోనో, దర్గా ఉర్సులోనో, పెళ్లి పందిరి వెనకాలో ఉన్నట్టు.

పెట్టె అతని చేతిపనే. చెక్కపెట్టెలో చెక్కపెట్టె, రెండింటి నడుమ కూరికూరి దట్టించిన వరి ఊక, లోపల రేకు. ఐసు ఫ్యాక్టరీ గడ్డలు బారుగా పట్టాలని మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడుగు చేశాడు. కరిగిన నీళ్లు పోవడానికి అడుగున గొట్టం, వేడిగాలి లోపలికి దూరకుండా గొట్టం మూతికి గుడ్డపీలిక. బండి పక్కలకు మడతపెట్టిన ఇనుప కమ్మీలు ఉండేవి. వాటిని పైకి లేపి టార్పాలిన్ కప్పితే బండే ఇల్లయ్యేది.

ఏడుపాయల అమ్మవారి జాతరకు జనం ట్రాక్టర్ ట్రాలీలు కట్టుకుని వచ్చి మంజీర ఒడ్డున బండల మీద దిగేవారు. వాళ్ల మధ్యనే సిరాజ్ కూడా కమ్మీలు లేపి, భార్య మజీదాతో కాపురం పెట్టేవాడు. రేగోడ్ వాళ్లు, టేక్మాల్ వాళ్లు పాల క్యాన్లు, పెరుగు గిన్నెలు, కూల్‌డ్రింకు సీసాలు, కోసిన మాంసం తెచ్చి అతనికి అప్పజెప్పేవారు. చీర అంచు నుంచో తువ్వాల నుంచో ఒక పీలిక చించి గిన్నెకు కట్టి ఇవ్వడం అక్కడి ఆనవాలు. తిరిగొచ్చినప్పుడు అదే చీర, అదే తువ్వాల చూపించి తీసుకుపోయేవారు. మాంసం అడుగున గడ్డను ఆనించి పెట్టేవాడు. పాలు ఎప్పుడూ పైనే, ఒక దాని చుక్క ఇంకోదానికి తగలకుండా. మొక్కు తల్లికి, కూర సిరాజ్‌కు అని జాతరలో నవ్వుకునేవారు.

పొద్దున్నే ఫ్యాక్టరీ దగ్గర గడ్డలను బండిలోకి ఎత్తేది అదే గల్లీలో ఉండే హమాలీ ఎల్లం. గోనెసంచి భుజాన వేసుకుని, కొక్కెంతో గడ్డను లాగి ఒక్క ఊపున ఎత్తేవాడు. "పెండ్లాం పిల్లల కంటే గీ గడ్డలనే ఎక్కువ మోసిన భాయ్" అనేవాడు.

తొంభైలలో కొత్త కంపెనీల డ్రింకులు వచ్చాయి. వాటి వెంబడే దుకాణాలకు ఫ్రిజ్‌లు, ఆ తర్వాత ఇళ్లకు కూడా ఫ్రిజ్‌లు వచ్చాయి. పెళ్లిళ్లను క్యాటరింగ్ వాళ్లు తీసుకున్నారు. చివరికి జాతరలో కూడా జనరేటర్లు మోగాయి. బండి ఇంటి ముందు నిలిచే రోజులు ఎక్కువయ్యాయి. బండి అమ్మేసి మిర్చీ బజ్జీల పొయ్యి పెట్టుకుందామని మజీదా ఎన్నిసార్లు అన్నా సిరాజ్ వినలేదు. ఎండాకాలం రాగానే ఎవరో పిలిచినట్టే పాత ఊక తీసి కొత్త ఊక నింపేవాడు.

రెండు వేల పదకొండులో నిజంగానే పిలిచారు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు బావులు ఆగాయి, బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని స్థితి. ఊళ్లో ఫ్రిజ్‌లన్నీ ఉత్త బీరువాలయ్యాయి. కరెంటున్న కాసేపట్లో ఫ్యాక్టరీలో కట్టిన గడ్డను మర్నాటి దాకా నిలపగలిగింది సిరాజ్ పెట్టె ఒక్కటే. రాందాస్ చౌరస్తాలో సమ్మె శిబిరం వేశారు. అక్కడే వంట, అక్కడే తిండి. అక్కడ అన్నం, మజ్జిగ చూసుకునే బడి పంతులు చంద్రకాంత్ సార్ స్వయంగా ఇంటికొచ్చి బండి తెమ్మని అడిగాడు.

సిరాజ్ శిబిరం పక్కనే కమ్మీలు లేపాడు. మజ్జిగ కుండలు, పిల్లల పాలు, వంటకు తెచ్చిన కూరగాయలు అన్నీ అతని పెట్టెలోకే. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు కూడా గిన్నెలకు పీలికలు కట్టుకుని వచ్చారు. తెలంగాణ వచ్చేదాకా కరెంటు రావద్దు అని అతను ఎగతాళికి అంటే శిబిరమంతా నవ్వింది. ఆ రోజుల్లో అతను మజీదాతో కూడా మిర్చీ పొయ్యి సంగతి ఎత్తి వేళాకోళమాడేవాడు.

అలాంటి ఒక పగటిపూట ఎల్లం అన్నం ముందు కూర్చుని పక్కకు ఒరిగాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. ఒక్కతే బిడ్డ, భాగ్య. ఎక్కడో దూరాన భివండీలో మగ్గాల మీద పనిచేసే మొగుడితో ఉంటుంది. దొరికిన లారీ ఎక్కి వస్తున్నానని ఫోన్‌లో ఏడ్చింది. ఎంత తొందరపడినా మర్నాటికి గానీ రాలేనంది. కిరాయికి తెచ్చే శవాల ఫ్రీజర్‌కు కరెంటు లేదు. ఊళ్లో ఉన్న జనరేటర్లకు డీజిల్ లేదు. పొద్దు గూకకముందే కానిచ్చేద్దామని పెద్దమనుషులు అన్నారు. ఎల్లం భార్య పెంటమ్మ లేచి సిరాజ్ దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, తండ్రి మొకం సూడకుంటే అది బతుకంత నన్నే అడుగుతది. జర ఏమన్న జెయ్యి."

సిరాజ్ బండిని ఎల్లం ఇంటి ముందుకు తోసుకొచ్చాడు. ఉన్న గడ్డలన్నీ తీసి శవం చుట్టూ పేర్చాడు. రేకుల కప్పు కింద అవి చూస్తుండగానే చిక్కిపోసాగాయి. నీళ్లు వాకిట్లోకి పారి, కూర్చున్న ఆడవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు. సిరాజ్ కరిగే గడ్డల వైపు చూశాడు, ఎల్లం మొహం వైపు చూశాడు. ఈ లెక్కన రేపటికి ఆ మొహం బిడ్డ చూడదగ్గట్టు ఉండదు. ఆ క్షణంలో అతని బుర్రలో బరఫ్ తప్ప మరో ఆలోచన లేదు. లేచి వెళ్లి పెట్టెలోంచి మజ్జిగ కుండలు, పాల క్యాన్లు తీసి అరుగు మీద పెట్టాడు.

మజీదాకు అర్థమైంది. దగ్గరికొచ్చి చొక్కా చేయి పట్టుకుని, ఉర్దూలో, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా చెప్పింది. అది నలుగురి తిండి ఉండే పెట్టె అనీ, ఈ రోజు ఎవరూ ఏమీ అనరనీ, అనేది రేపనీ. మూత లేకుండా గడ్డ నిలవదు అన్నాడు సిరాజ్.

కొత్త బట్ట చుట్టి ఎల్లంను పెట్టెలో పడుకోబెట్టారు. అటూ ఇటూ గడ్డలు పెట్టి సిరాజ్ మూత దించాడు. మర్నాడు పొద్దు నడినెత్తిన ఉండగా భాగ్య వచ్చింది. మూత ఎత్తితే తెల్లటి పొగలాంటిది లేచింది. దాని అడుగున తండ్రి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. భాగ్య వంగి తన చెంపను ఆ చెంపకు ఆనించింది.

"నీ కడుపు సల్లగుండ తమ్మీ" అని పెంటమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. శిబిరంలో చంద్రకాంత్ సార్ ఈ సంగతి మైకులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

సిరాజ్ పెట్టెను వేడినీళ్లతో కడిగి, ఫినాయిల్ పోసి, ఎండలో ఆరబెట్టి, కొత్త గడ్డలు నింపుకుని శిబిరానికి వెళ్లాడు. ఈ రోజు మజ్జిగ చేయలేదని వంట దగ్గరివాళ్లు అన్నారు. వాళ్ల వెనక తడిగుడ్డ కప్పిన కుండలు కనిపిస్తూనే ఉన్నాయి. పాల క్యాన్ల వాళ్లు దారి మార్చి ఇంకో పక్క నుంచి పోయారు. చంద్రకాంత్ సార్ అతన్ని ప్రేమగా కూర్చోబెట్టి, అన్నం తిని పొమ్మన్నాడు, పెట్టె సంగతి తప్ప అన్నీ మాట్లాడాడు. ఉన్నమాట చెప్పింది అంగన్‌వాడీ టీచర్ భూలక్ష్మి ఒక్కతే.

"నువ్వు తప్పు జేసినవని ఎవ్వరంటలేరన్నా. మంచి పనే జేసినవు. గని మాకే మింగుడు పడ్తలేదు, ఏం జెయ్యాలె చెప్పు?"

సిరాజ్ ఇంటికి వచ్చి లోపలి రేకు పీకేశాడు. ఊక అంతా తీసి తగలబెట్టాడు. కొత్త రేకు కొట్టించి, చెక్కకు సున్నం వేశాడు. ఎల్లం దినం నాడు ఆ పెట్టెలో పెట్టిన పెరుగు తీసుకుని పెంటమ్మ ఇంటికి వెళ్లాడు. పెంటమ్మ రెండు చేతులా అందుకుంది. కానీ గిన్నె వాకిట్లోనే పెట్టి, కొంగుతో మొహం కప్పుకుంది. "మూత ఎత్తితె ఆయన మొకమే కొడ్తుంది తమ్మీ. నన్ను తిట్టకు" అంది.

అతను తిట్టలేదు. వట్టి చేతులతో తిరిగి వస్తే ఇంటి ముందు కుల్చారం నుంచి వచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు. వాళ్ల ముసలాయన ఇవాళో రేపో అన్నట్టున్నాడట. పోయాక పెట్టె కిరాయికి ఇస్తారేమో ముందే మాట్లాడుకుందామని వచ్చాడట. అది పీనుగుల పెట్టె గాదని సిరాజ్ కసిరాడు. ఆ మనిషికి కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. అందరూ అట్లనే అంటున్నరు గద భాయ్ అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సిరాజ్ మంచి పాలు తెచ్చి తోడు పెట్టాడు. తెల్లారి చిలికి, అల్లం, కరివేపాకు వేసి, కుండను పెట్టెలో గడ్డల నడుమ దించాడు. పొద్దెక్కాక బండి తోసుకుంటూ చౌరస్తాకు వెళ్లాడు. అందరి ముందూ తానే తాగి చూపిస్తే వాళ్ల మనసుల్లోని మరక పోతుందని అతని ఆలోచన. తన పెట్టె మీద తనకే నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటుంది? మజీదా కూడా వెంట వచ్చింది.

శిబిరం నడుమ మూత ఎత్తాడు. ఉపన్యాసం చెబుతున్నవాళ్లు ఆగారు. గ్లాసు నిండా మజ్జిగ వంచుకున్నాడు. గ్లాసు బయట సన్నగా చెమ్మ పట్టింది. ఎండలో నిలబడ్డవాళ్లందరి నోళ్లూ ఎండిపోయి ఉన్నాయి. సిరాజ్ గ్లాసును పెదాల దాకా తెచ్చాడు. అల్లం వాసన తగిలింది. దాని వెనకాలే, ఎంత కడిగినా తనకు తప్ప ఎవరికీ తెలియని ఇంకేదో తగిలింది. నిజంగా ఉందో లేదో కూడా తెలియదు. గ్లాసును కాస్త దించాడు. మళ్లీ ప్రయత్నించాడు. చేయి కదల్లేదు.

చౌరస్తా అంతా చూస్తోంది. అతని పరువు దక్కించాలని కాబోలు, చంద్రకాంత్ సార్ ముందుకొచ్చాడు.

"పుల్లగైందేమో భాయ్. ఉండనియ్యి, తాగకు."

మజ్జిగ తియ్యగా, కమ్మగా, పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంది. సిరాజ్ ఒకసారి మజీదా వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"అవును సార్" అన్నాడు సిరాజ్. "పుల్లగైంది."

గ్లాసును మోరీ కాలువలో వంచేసి, కమ్మీలు మడిచి, బండిని ఇంటి వైపు తిప్పాడు. దారివ్వడానికి జనం చాలా దూరం జరిగారు.