ఈశాన్యం మూల జాకీలు

2022 శ్రావణ మాసం. నరసరావుపేట బజారులో ఒక స్టీలు సామాన్ల అంగడి. కింద కొట్టు, పైన గోడౌను. కట్టి ముప్పై ఏళ్లు దాటింది. స్తంభాల్లో కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. దాన్ని బాగుచేసే పని నాకొచ్చింది. కొత్త ఇళ్లు కట్టే ఇంజినీర్లు మా పల్నాడులో వీధికొకరున్నారు. పాత భవనాలకు వైద్యం చేసేవాళ్లం తక్కువ. గృహప్రవేశంలో పిలిచి చీర పెట్టేది కొత్త ఇల్లు కట్టినవాళ్లకే గానీ, పాత ఇల్లు కూలకుండా ఆపినవాళ్లకు కాదు కదా.

మేం చేసే పనిని జాకెటింగ్ అంటారు. స్తంభం చుట్టూ పాడైన కాంక్రీటు చెక్కేసి, కొత్త కమ్మీలు కట్టి, మళ్లీ కాంక్రీటు పోసి స్తంభాన్ని లావు చేస్తాం. బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. చెక్కడం మొదలైనప్పటి నుంచి కొత్త కాంక్రీటు గట్టిపడేదాకా ఆ స్తంభం మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. అందుకే దాని మీద ఆనుకున్న దూలాల కింద ముందుగానే ఇనప జాకీలు నిలబెట్టి మర బిగిస్తాం. స్లాబు పోసేటప్పుడు సెంట్రింగ్ చెక్కల కింద పెట్టేవే. స్తంభం మోయాల్సిన బరువు అన్నాళ్లూ అవి మోస్తాయి. వాటిని తీసేస్తే కింద ఉలి పట్టుకున్న మనిషికి ఇక దేవుడే దిక్కు.

కొట్టు యజమాని కోటేశ్వరరావుగారిని బజారంతా శెట్టిగారంటుంది. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్తున్నాను, చెడ్డవాడయితే నాకు ఇంత మంట ఉండేది కాదు. గోడౌను ఖాళీ చేయమంటే చేయించారు. పెళ్లిళ్ల గిరాకీ పోతుందని ఇంట్లోవాళ్లు గొణిగినా కొట్టు మూశారు. పనివాళ్లకు పూటపూటా టీ పంపేవారు.

చెక్కే పని మస్తాన్‌ది. ఏళ్ల తరబడి నా సైట్లలోనే పనిచేసిన మేస్త్రీ. అతనికొక అలవాటుండేది. పని మొదలుపెట్టే ముందు "జాకీలు చూశారా మేడం?" అని అడిగేవాడు. చూశాను, మొదలుపెట్టు అని నా నోటితో అంటేగానీ ఉలి తీసేవాడు కాదు. నేను వేరే ఊళ్లో ఉంటే, వెళ్లే ముందు అన్నీ చూసి చెప్పిపోవాల్సిందే. ఆ శుక్రవారం పొద్దున కూడా అలాగే చూసి, చెప్పి, సున్నపు బట్టీ షెడ్డు ఒకటి చూడటానికి పిడుగురాళ్ల వెళ్లాను.

మిగతా స్తంభాలు అప్పటికే అయిపోయాయి. మిగిలింది ఈశాన్యం మూలది, సగానికి పైగా చెక్కేశాం. ఆ మూలనే కొట్టు గోడకు ఎత్తున అమ్మవారి పటం ఉంది. కొట్టు మూసినా శ్రావణ శుక్రవారం పూజ మానరు శెట్టిగారు. మధ్యాహ్నం ఫోన్ చేశారు.

"అమ్మా, ఈశాన్యంలో ఇంత ఇనుం పెట్టారేంది? అక్కడ బరువుండకూడదంటున్నాడు సిద్ధాంతి. తీసి నైరుతిలో పెట్టిస్తా. పూజ అయ్యేదాకే."

"అవి బరువు పెట్టడానికి కాదండీ, మోయడానికి. ఆ స్తంభం చెక్కేసి ఉంది. జాకీలు కదిపితే దూలం దిగిపోతుంది."

"గోడౌను ఖాళీగానే ఉందిగా?"

"సామాను తీసినా రెండు స్లాబుల బరువు అక్కడే ఉంటుందండీ. ఒక్క నిమిషం కూడా తీయొద్దు. కావాలంటే పటాన్ని ఇవాళ్టికి ఇంకోచోట పెట్టుకోండి."

"పటాన్ని కదిలిస్తారా ఎవురన్నా," అని నవ్వి ఫోన్ పెట్టేశారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. మస్తాన్‌కు ఫోన్ చేశాను, స్విచాఫ్. జుమ్మా నమాజుకు వెళ్లాడు. శెట్టిగారికి మళ్లీ చేశాను, ఎత్తలేదు. బట్టీ పని వదిలేసి బయల్దేరాను. దారి పొడుగునా సున్నపురాయి లారీలు. హారన్ కొడుతూ, తిట్టుకుంటూ, ఆ ఇద్దరికీ మార్చి మార్చి ఫోన్ చేస్తూనే ఉన్నాను.

ఆ కాసేపట్లో జరిగింది కొట్టు గుమాస్తా తర్వాత చెప్పాడు. శెట్టిగారు హమాలీలను పిలిచి జాకీల మర తిప్పించి, నైరుతి మూలకు మార్పించారు. నైరుతిలో బరువుంటే ఇంటికి బలమట. అక్కడి స్తంభం మేం అప్పటికే బాగుచేసి గట్టిపరిచినది. జాకీలు అక్కడ ఊరికే నిలబడ్డాయి. పూజ అయింది. హమాలీలు అన్నానికి వెళ్లారు, వచ్చాక జాకీలు తిరిగి పెట్టాలి. ఈలోగా నమాజు ముగించుకుని మస్తాన్ వచ్చాడు.

"జాకీలేయి శెట్టిగారూ?"

"పూజకని తీశాం మస్తానూ. మేడంని అడిగాన్లే."

మస్తాన్ ఉలి తీసుకున్నాడు.

స్తంభం నడుం దగ్గర నలిగింది. దూలం ఆ మూలకు కూలబడింది. మస్తాన్ పక్కకు దూకాడు గానీ కుడికాలు కింద చిక్కుకుంది. నేను వెళ్లేసరికి బజారంతా అక్కడే ఉంది. దూలం ఎత్తడానికి నైరుతి మూల నుంచి జాకీలు మళ్లీ మోసుకొచ్చారు. అప్పుడు మాత్రం ఈశాన్యంలో ఇనుం వద్దని ఎవరూ అనలేదు.

గుంటూరు ఆసుపత్రిలో మోకాలి పైదాకా కాలు తీసేశారు. ఖర్చంతా శెట్టిగారే పెట్టుకున్నారు. వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు కూడా. నేను ఓదార్చలేదు.

"నేను వద్దన్నానుగా. అతనితో అబద్ధం ఎందుకు చెప్పారు?"

కళ్లు తుడుచుకుని నా వంక చూశారు. "అబద్ధమేందమ్మా? అడిగానన్నా. అడిగాను. మీరు ఒప్పుకున్నారని నేనన్లేదే."

దేవుడి ఎదుట అబద్ధమాడని మనిషి. నా ఒళ్లు మండిపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది, పెద్దవాడని ఆగాను.

కేసు పెడదామన్నాను. మస్తాన్ బామ్మర్ది చేతులు జోడించాడు. "ఆయన చానా చేస్తున్నాడు మేడం. కేసంటే చెయ్యి ముడుచుకుంటాడు. మా బావ దగ్గర కూడా ఇప్పుడీ సంగతేం ఎత్తమాకండి." వాళ్లే వద్దన్నాక నేనెవర్ని? బజారు కూడా తీర్పు చెప్పేసింది. ఈశాన్యం స్తంభాన్ని చెక్కితే ఊరుకుంటుందా, ఆ ఇంజినీరమ్మకు వాస్తు తెలియకపాయె అని. శెట్టిగారు మిగిలిన పని వేరేవాళ్ల చేత చేయించుకున్నారు.

మస్తాన్ ఇంటికి చేరాక చూడటానికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య మీరాబీ నన్ను చూసి, రమ్మని కూడా అనకుండా లోపలికి వెళ్లిపోయింది. కోపం ఆపుకోలేక అడిగేశాను.

"జాకీలు లేవని కనపడుతూనే ఉందిగా. ఎందుకు మొదలుపెట్టావు?"

"మిమ్మల్ని అడిగానన్నాడు శెట్టిగారు. మీరు సరేనన్నారనుకున్నా. మీ మాట మీద పని చేసేవాణ్ణి, ఇంక భయమేంది?"

"నేను వద్దన్నాను మస్తాన్. ఒక్క నిమిషం కూడా వద్దన్నాను."

లేని కాలి చోట దుప్పటి సర్దుకున్నాడు. తర్వాత లోపలికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఈ మాట మీరాబీకి తెలియనీమాకండి మేడం. శెట్టిగారు దాన్ని కొట్లో పనికి పెట్టుకుంటానన్నాడు. మీరు ఒప్పుకోబట్టే ఇట్టా అయిందని ఇన్నాళ్లూ మిమ్మల్నే తిడతా ఉంది. తిట్టుకోనీండి. మిమ్మల్ని తిట్టుకుంటా అయితే పనికి పోగలదు. ఆయన్ని తిట్టుకుంటా ఎట్టా పోద్ది?"

నేను సరేనన్నాను. ఆ జాకీలు తీయడానికి ఒప్పుకోలేదు గానీ, దీనికి ఒప్పుకున్నాను.

ఇప్పుడు నా సైట్లో నేను లేని పూట పని లేదు. జాకీ మర తిప్పాలంటే నేను అక్కడ నిలబడాలి. ఇంటాయన చెప్పాడు, వాళ్ల మామ చెప్పాడు అంటే కుదరదని పనివాళ్లకు మొదటిరోజే చెప్తాను. ఇంట్లోవాళ్లను ముందు దేవుడి పటం ఎక్కడుందో అడుగుతాను. దాన్ని వేరేచోటికి మార్చాకే ఉలి తీయిస్తాను. పటం కదిపేది లేదన్నవాళ్లుంటే నమస్కారం పెట్టి వచ్చేస్తాను. పొగరుబోతని పేరొచ్చింది, రానీ. స్తంభం ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టడం నాకు కాలేజీలో నేర్పారు. నా మాటను నమ్ముకుని దాని కింద కూర్చునే మనిషి సంగతి ఎవరూ నేర్పలేదు.

ఆ బజారులో ఇప్పటికీ వెళ్తుంటాను. శెట్టిగారు గల్లాపెట్టె దగ్గర నుంచే నమస్కారం పెడతారు. మీరాబీ ఈశాన్యం మూలన, ఆ పటం కింద, గిన్నెలు తుడుస్తూ ఉంటుంది. నన్ను చూడగానే మొహం తిప్పుకుంటుంది. నేను ఆగకుండా ముందుకెళ్లిపోతాను.